మీకు తెలుసా? మొదటి కెమెరాను పరీక్షించాల్సింది మగ్గం గుంటలో

మా పక్కింటి పిల్లవాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. రోజూ ఆలేరులో రైలెక్కి భువనగిరి పోయి వస్తాడు. ఓ సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చి, "అన్నా, ఇరవై నాలుగు మెగాపిక్సెల్ తీస్కోవాల్నా, ముప్పై రెండు తీస్కోవాల్నా?" అని అడిగాడు. "ముందు ఏం తీస్తవో చెప్పు" అన్నాను. కాసేపు తల గోక్కుని, "మా నాయన మగ్గం" అన్నాడు.

ఆ ఒక్క మాటతో సగం బేరం తేలిపోయింది. మిగతా సగం తేల్చడానికి నాలుగైదు సాయంత్రాలు అరుగు మీద కూర్చున్నాం. అప్పుడు మాటల్లో దొర్లినవీ, వాడు అడిగితే నేను వెతికి తెలుసుకున్నవీ ఇక్కడ పెడుతున్నాను. వీటికి ఒక వరసంటూ ఏమీ లేదు.

వాకిటికీ మగ్గం గదికీ వెయ్యి రెట్ల దూరం

వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో అది సుమారు లక్ష. బల్బు వెలిగిన మామూలు గదిలో ఓ వంద ఉంటే ఎక్కువే. అంటే గడప దాటితే వెలుతురు వెయ్యోవంతుకు పడిపోతుందన్నమాట. ఈ సంగతి కన్ను మనకు తెలియనివ్వదు. ఎండలోంచి లోపలికి వస్తే కాసేపు తడుముకుంటాం, ఆ తర్వాత అంతా మామూలుగానే కనిపిస్తుంది.

కెమెరాకు ఆ వరం లేదు. దానికి ఉన్నవి మూడే దారులు. లెన్సు కన్నం పెద్దగా తెరవాలి, లేదా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, లేదా సెన్సార్ ఇచ్చిన బలహీనమైన సంకేతాన్ని పెంచి చూపాలి. ఈ మూడోదాన్నే ఐఎస్‌ఓ అంటాం. మొదటి దారికి డబ్బు కావాలి. రెండోదానికి వణకని చెయ్యి, కదలని మనిషి కావాలి. మూడోదానికైతే ఫోటో మీద సన్న ఇసుక చల్లినట్టు వచ్చే గరుకును భరించాలి.

అందుకే ఎండలో తీసిన ఫోటో చూసి కెమెరా కొనకూడదు. ఎండలో ఏ కెమెరా అయినా మంచిదే. గుంట మగ్గం దగ్గర నేతగాడి కాళ్లు నేలలోపల ఉంటాయి, ముఖం పడుగు మీదికి వంగి ఉంటుంది, వెలుతురు ఒక్క కిటికీలోంచి వస్తుంది. అక్కడ ఫోటో నిలబడితే కెమెరా నిలబడినట్టే. మగ్గం లేని ఇంట్లో వంటగది మూలో, పశువుల కొట్టమో చాలు.

పాస్‌పోర్టు ఫోటోకు పావు మెగాపిక్సెల్ కూడా అక్కర్లేదు

ఈ లెక్కకు పెద్ద చదువేం అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. మంచి ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు లెక్క. మనం పెళ్లిళ్లలో చేతికిచ్చే 6 అంగుళాలు, 4 అంగుళాల ఫోటోకు 1800ను 1200తో గుణించండి. 21 లక్షల 60 వేల చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు. దరఖాస్తులకు అంటించే 35 మిల్లీమీటర్లు, 45 మిల్లీమీటర్ల ఫోటోకు 2 లక్షల 20 వేల చుక్కలు సరిపోతాయి. ఏ4 కాగితం నిండా ముద్రించాలంటే 87 లక్షలు. పెళ్లి ఆల్బమ్‌లో 12 అంగుళాలు, 18 అంగుళాల నిండు పేజీకి మాత్రం కోటీ 94 లక్షలు కావాలి.

మరి బస్టాండు దగ్గర కట్టే పుట్టినరోజు ఫ్లెక్సీ? అది గోడంత ఉన్నా అన్ని చుక్కలు అడగదు. రోడ్డు అవతల నుంచి చూసేదానికి అంగుళానికి 300 చుక్కలు ఎవరు లెక్కపెడతారు? దగ్గరికి పోయి చూడండి, నాయకుడి మీసం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది.

ఇప్పుడు వచ్చే మామూలు కెమెరాల్లో దాదాపు అన్నిటికీ 18 మెగాపిక్సెళ్లకు పైనే ఉన్నాయి, చాలావాటికి 24 ఉన్నాయి. కాబట్టి మావాడు అడిగిన ప్రశ్నకు జవాబు, ఏదైనా ఒకటే. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది.

ఒక అంగుళం సెన్సార్‌ను కొలిస్తే అంగుళం రాదు

చుక్కలు ఎన్ని అని కాదు, అవి పరుచుకున్న జాగా ఎంత అని అడగాలి. వాన నీళ్లు పట్టడానికి చెంబు పెట్టినా గంగాళం పెట్టినా పడే వాన ఒకటే. పట్టేది మాత్రం మూతి వెడల్పును బట్టి. సెన్సార్ కూడా అంతే.

చవక చిన్న కెమెరాల్లో ఉండే సెన్సార్ సుమారు 6.2 మిల్లీమీటర్లు, 4.6 మిల్లీమీటర్లు ఉంటుంది. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. లెన్సు మార్చుకునే మామూలు కెమెరాల్లో ఉండేది ఏపీఎస్-సీ రకం, సుమారు 23.5 మిల్లీమీటర్లు, 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కేస్తే పదమూడు రెట్లు పెద్దది. ఫుల్ ఫ్రేమ్ అనేది 36 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు, పాత రీలు కొలతే. మొదటి కెమెరాకు ఆ స్థాయి అక్కర్లేదని నా ఉద్దేశం. బాడీ ధర ఒక్కటే అయితే సరే, దానికి తగ్గ లెన్సుల ధర వింటే పొలం అమ్మాలేమో అనిపిస్తుంది.

మధ్యలో 'ఒక అంగుళం' అనే రకం ఉంది. దాని అసలు కొలత 13.2 మిల్లీమీటర్లు, 8.8 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు దాటదు. అంగుళమంటే 25.4 కదా, మరి ఆ పేరెందుకు? వెనకటి టీవీ కెమెరాల్లో సెన్సార్‌కు బదులు గాజు గొట్టం ఉండేది. గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి దాన్ని పిలిచేవాళ్లు. గొట్టాలు పోయాయి, ఆ పిలుపు మిగిలింది. రెండున్నర శేర్ల డబ్బాలో బియ్యం శేరున్నర పట్టినట్టుంది వ్యవహారం.

దీన్ని బట్టే ఇంకో మాట. ఇవాళ్టి మంచి ఫోన్లలో సెన్సార్ ఆ చవక చిన్న కెమెరా సెన్సార్ కంటే పెద్దది. 'డిజిటల్ కెమెరా' అన్న పేరుంది కదా అని తక్కువలో వచ్చే చిన్న డబ్బా కొంటే, జేబులో ఉన్న ఫోన్ కంటే నాసి ఫోటో వస్తుంది. కొంటే ఏపీఎస్-సీ దాకా పొండి. లేదంటే ఆ డబ్బు దాచుకుని ఫోన్‌తోనే తీయండి. మధ్యరకం బేరం మాత్రం వద్దు.

పది వేల చుక్కలు, 23 సెకన్లు, క్యాసెట్టు

మొదటి డిజిటల్ కెమెరాను 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ యువ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేశాడు. బరువు సుమారు మూడు కిలోల ఆరు వందల గ్రాములు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. చుక్కలు అడ్డం వంద, నిలువు వంద. పైన చెప్పిన పాస్‌పోర్టు ఫోటోకు కావాల్సినదానిలో ఇరవయ్యోవంతు కూడా లేవు. ఇంకో చిత్రమేమంటే, రీళ్లు అమ్ముకుని బతికిన కంపెనీలోనే రీలు అక్కర్లేని కెమెరా పుట్టింది.

ఆసు పోసే చెయ్యి కెమెరాకు అందదు

ఆలేరు మండలం శారాజీపేట పేరు విన్నారుగా. చీర మీద చిటికీ డిజైన్ రావాలంటే ముందు దారాన్ని ఆసు మీద పోయాలి. మేకుల చుట్టూ చేతిని వేల సార్లు ఇటూ అటూ తిప్పాలి. ఆ పనితో తల్లి భుజాలు పడిపోవడం చూసి చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

ఇప్పుడు చేత్తో ఆసు పోస్తున్న మనిషిని ఫోటో తీయాలనుకోండి. చెయ్యి సెకనుకు ఒక మీటరు కదులుతుందనుకుందాం. షట్టర్ సెకనులో అరవయ్యోవంతు తెరిచి ఉంటే ఆ కాసేపట్లోనే చెయ్యి ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. ఫోటోలో వేళ్లు కనబడవు, మసక కనబడుతుంది. అదే అయిదు వందలోవంతుకు తెస్తే జరిగేది రెండు మిల్లీమీటర్లే, వేళ్లు విడివిడిగా తేలతాయి. కాకపోతే తెరిచి ఉండే సమయం ఎనిమిదో వంతుకు తగ్గింది కాబట్టి వెలుతురు కూడా ఎనిమిదో వంతే అందుతుంది. గదేమో ముందే చీకటి. చివరికి మళ్లీ మగ్గం గుంట దగ్గరికే వచ్చాం.

లెన్సు మీద ఐఎస్ అనో, వీఆర్ అనో రాసి ఉంటే వణుకు ఆగుతుందని దుకాణదారు చెప్తాడు. నిజమే, ఆగేది మన చేతి వణుకు. ఎదుటివాళ్ల చేతి కదలికను అది ఆపలేదు. ఈ తేడా తెలియక ఎంతమంది పిల్లల ఆటల పోటీల ఫోటోలు పాడుచేసుకున్నారో!

అంకె చిన్నదైతే కన్నం పెద్దది

లెన్సు మీద 1.8, 3.5, 5.6 అని అంకెలుంటాయి. వీటిని ఎఫ్ నంబర్లంటారు. ఇవి భిన్నంలో కింద ఉండే అంకెలు. సగం రొట్టె పావు రొట్టె కంటే పెద్దది కదా, అట్లాగే ఎఫ్ 2 కన్నం ఎఫ్ 4 కంటే పెద్దది. వెలుతురేమో వైశాల్యాన్ని బట్టి వస్తుంది కాబట్టి అంకె సగమైతే వెలుతురు నాలుగు రెట్లు అవుతుంది.

కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే 18-55 కిట్ లెన్సును జూమ్ చివరికంటా తిప్పితే దాని కన్నం ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. జూమ్ లేని 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు అంతకు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వదులుతుంది. పది రెట్లు! బాడీ మార్చి ఇంత తేడా తెచ్చుకోవాలంటే లక్షలు పోయాలి. పైగా చాలా కెమెరా కంపెనీలు అమ్మే చవక లెన్సుల్లో ఇది ఒకటి.

ఒక చిక్కుంది. ఏపీఎస్-సీ కెమెరా మీద 50 పెడితే రీలు రోజుల్లోని 75, 80 లెన్సులా ఇరుకుగా చూస్తుంది. మగ్గం గదిలో వెనక్కి జరగడానికి జాగా ఉండదు, వీపు గోడకు తగులుతుంది. గది చిన్నదైతే 35 మిల్లీమీటర్లది మేలు. కిట్ లెన్సు 35 దగ్గర ఇంకాస్త పెద్దగా తెరుచుకుంటుంది కాబట్టి, దాంతో పోలిస్తే వెలుతురు లాభం కాస్త తగ్గి ఆరు రెట్ల దగ్గర నిలుస్తుంది. అదైనా తక్కువా?

మావాడికి నేను చెప్పిన లెక్క ఇదీ: ఉన్న డబ్బంతా బాడీకి పెట్టొద్దు. ఒక మెట్టు దిగి పాత మోడల్ బాడీ తీసుకో, మిగిలినదాంతో ఎఫ్ 1.8 లెన్సు కొను. బాడీలు రెండేళ్లకోసారి పాతబడతాయి, లెన్సు పదేళ్లైనా కొత్తదే.

పానగల్లు గుడిలో కదలని నీడ

నల్గొండ పక్కనే పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం నీడలాంటిది నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతున్నా అది పక్కకు జరగదు. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాకపోవడమే రహస్యం. రాళ్లకూ నేలకూ తగిలి చెదిరిన వెలుతురు పక్కల ఉన్న ఖాళీల్లోంచి వస్తుంది. సూర్యుడు కదులుతాడు గానీ ఖాళీలు కదలవు, అందుకని నీడా కదలదు.

ఫోటో స్టూడియోలో తెల్ల గొడుగు పెట్టి చేసేది ఇదే పని, ఫ్లాష్ వెలుతురును చెదరగొట్టడం. మనుషుల ముఖాలు తీయడానికి అన్నిటికంటే మంచి వెలుతురు మనకు ఉచితంగా దొరుకుతుంది, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర. మనిషిని కిటికీ ముందు కాదు, పక్కన కూర్చోబెట్టాలి. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మేస్త్రీలకు వెలుతురును ఎటు తిప్పాలో తెలుసు. మనం ఫ్లాష్ నొక్కేసి ముఖాలకు సున్నం కొడతాం.

సద్దుల బతుకమ్మకు కెమెరా ఫ్లాష్ పనికిరాదు

ఎంట్రీ లెవెల్ కెమెరా నెత్తి మీద లేచే ఫ్లాష్ బలం సుమారు గైడ్ నంబరు 9. ఆ 9ని ఎఫ్ నంబరుతో భాగిస్తే అది ఎన్ని మీటర్లు పోతుందో వస్తుంది. కిట్ లెన్సు 5.6తో భాగించండి: మీటరున్నర చిల్లర. ఐఎస్‌ఓ 400కు పెంచితే దానికి రెండింతలు. బతుకమ్మ ఆట వలయం ఎంతుంటుంది? ఫ్లాష్ వేస్తే ముందు నిలబడ్డ ఒకామె వీపు తెల్లగా మెరుస్తుంది, వెనక పూలూ దీపాలూ చీకట్లో మునిగిపోతాయి.

ఫ్లాష్ మూసేసి, పొద్దుగూకిన తర్వాత ఆకాశం ఇంకా నీలంగా ఉన్న ఆ ఇరవై నిమిషాల్లో తీయండి. వరంగల్లుకు చెందిన ఫోటోగ్రాఫర్, 2022లో కన్నుమూసిన భరత్‌భూషణ్ ఏళ్లకేళ్లు బతుకమ్మనూ తెలంగాణ పల్లె బతుకునూ పట్టుకున్నారు. ఆ ఫోటోలు దొరికితే చూడండి. అందులో ఏ కెమెరా వాడారన్నది గుర్తుకు కూడా రాదు.

నిజాం ఫోటోగ్రాఫర్ కూడా ఒకప్పుడు కొత్తవాడే

రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేశారు. కెమెరా పట్టింది ముప్పై ఏళ్ల వయసులో, 1874లో, అదీ సరదాకు. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫర్ దాకా ఎదిగారు. మహబూబ్‌నగర్‌కు పేరొచ్చింది ఈ నిజాం నుంచే. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. పరదా చాటున ఉండే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో నడిపి, అక్కడ ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళను పెట్టారు.

ఆ రోజుల్లో ఫోటో అంటే గాజు పలక. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద పలక. కొండెక్కినా కోటెక్కినా పలకలూ, కర్ర పెట్టె కెమెరా, ముక్కాలిపీటా మోయాలి. ఆయన గాజు పలకలు రెండు వేలకు పైగా ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మన ఫోన్‌లో పోయినేడు ఫోటోలు ఎక్కడున్నాయో మనకే తెలియదు.

కెమెరా ఒకటే, పేర్లు నాలుగు

కానన్ కంపెనీ 2018లో తెచ్చిన ఒక కెమెరాను మన దేశంలో 1500డీ అంటారు. యూరప్‌లో దాని పేరు 2000డీ, అమెరికాలో రెబెల్ టీ7, జపాన్‌లో కిస్ ఎక్స్90. ఇంటర్నెట్‌లో వెతికే పిల్లలు ఇక్కడ బోల్తా పడతారు. "గిది 2000 అన్నా, 1500 కంటే పెద్దది" అని మావాడు నాతో వాదించాడు కూడా.

నికాన్‌లో ఇంకో మెలిక ఉంది. డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు, అది లెన్సులో ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే పాత లెన్సులు కొన్నిటిలోనూ ఉండదు. రెండూ కలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఆ వరుసలకు పేరు ముందు ఏఎఫ్-ఎస్ అని ఉన్న లెన్సే అడగండి.

అద్దం ఉండాలా వద్దా అని ఎక్కువ తల పగలగొట్టుకోకండి. అద్దం ఉన్నవి డీఎస్ఎల్ఆర్‌లు, లేనివి మిర్రర్‌లెస్‌లు. కంపెనీలు కొత్త పెట్టుబడంతా మిర్రర్‌లెస్ మీదే పెడుతున్నాయి. వీడియోకూ, కన్ను మీద ఫోకస్ పట్టడానికీ అవి మేలు. కానీ అందరూ వాటికి మారుతున్నందుకే డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి కాలం రాదు.

వీడియో 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేది ఎందుకు?

చాలా కెమెరాల్లో చాలాకాలం వీడియో సరిగ్గా అరగంటకు ఒక్క సెకను ముందు ఆగిపోయేది. యంత్రం అలసిపోయి కాదు. అరగంట, అంతకు పైన రికార్డు చేసేదాన్ని యూరప్ సుంకాల వాళ్లు వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ పన్ను వేసేవాళ్లు. ఆ పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన కత్తెర అది. అక్కడెక్కడో యూరప్ పన్నుకు ఇక్కడ మన తలంబ్రాల వీడియో తెగేది! పాత కెమెరా కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మన దగ్గర డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ మొదట 28 శాతం ఉండేది. 2019 జనవరి 1 నుంచి 18కి దించారు. ఈ 18 శాతం చూసే కొందరు బిల్లు వద్దంటారు, కొందరు దుకాణదారులు ఇవ్వం అంటారు. నేనూ ఆ గోతిలో పడ్డవాణ్నే. నా మొదటి కెమెరాను హైదరాబాద్‌లో ఒక దుకాణంలో బిల్లు లేకుండా కొన్నాను, తగ్గుతుంది కదా అని. ఎనిమిది నెలలకు లెన్సు లోపలికి పోనని మొరాయించింది. సర్వీసు సెంటర్లో మొదట అడిగింది బిల్లు. విదేశం నుంచి చేతుల మీదుగా వచ్చిన సరుకు కాబట్టి ఇక్కడ వారంటీ వర్తించదన్నారు. మిగుల్చుకున్నదానికి మూడింతలు బాగుకు పెట్టాను.

సెకండ్ హ్యాండ్ కెమెరాకూ మీటరుంటుంది

బండికి కిలోమీటర్ల మీటరున్నట్టు కెమెరాకు షట్టర్ కౌంట్ ఉంటుంది, ఇప్పటిదాకా ఎన్నిసార్లు క్లిక్ కొట్టిందో. ఎంట్రీ లెవెల్ వాటిలో చాలావాటి షట్టర్‌ను సుమారు లక్ష క్లిక్కుల ఆయుష్షుతో లెక్కగట్టి చేస్తారు. పెళ్లిళ్ల సీజన్ రెండు చూసిన కెమెరా అయితే ఆ లెక్కలో ఎంత తిన్నదో ఊహించుకోండి. ఇంట్లో పడి ఉన్న కెమెరా పదేళ్లదైనా అయిదారు వేల దగ్గరే ఉండొచ్చు. కొన్నిటికి ఆ అంకె ఫోటో ఫైలులోనే దాగి ఉంటుంది, ఫైలును ఇంటర్నెట్‌లో ఒక సైటుకు ఎక్కిస్తే చెప్పేస్తుంది.

లెన్సును మాత్రం టార్చి వేసి చూడాలి. వెనక నుంచి ఫోన్ లైటు కొట్టి ముందు నుంచి చూస్తే, సాలెగూడులాంటి సన్నని పోగులు కనబడితే అది బూజు. వానాకాలం బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సులకు వస్తుంది. ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. కొత్తది కొన్నాక కూడా గాలి చొరబడని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

కెమెరా పుస్తకం ప్రకారం మన మే నెల నిషిద్ధం

మాన్యువల్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో పనిచేసే ఉష్ణోగ్రత అని ఉంటుంది. చాలా కెమెరాలకు అది సున్నా నుంచి 40 డిగ్రీలు. నల్గొండ ఎండ ఏ ఏడాది 40 దగ్గర ఆగింది? అంతమాత్రాన కెమెరా చచ్చిపోదు. కానీ మూసిన కారులో, బండి ట్యాంకు మీద సంచిలో వదిలేయకూడదు. నల్ల బాడీ వేడిని పీల్చుకుంటుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. ఎండలో ఎడతెగకుండా వీడియో తీస్తే కొన్ని మిర్రర్‌లెస్‌లు తమంతట తామే ఆగిపోతాయి.

మే రెండో వారంలో ఒక రోజు, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు, మిట్టమధ్యాహ్నం మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్ర నీడ దాని కిందికే పోతుంది. చూడ్డానికి వేడుకే గానీ ముఖాలు తీయడానికి అంతకంటే చెడ్డ వేళ లేదు. కనుగుంటల్లో నల్లటి నీడ పడి అందరూ నిద్రలేనట్టు కనిపిస్తారు.

సెన్సార్‌లో సగం పచ్చ

సెన్సార్‌కు నిజానికి రంగులు తెలియవు, ఎంత వెలుతురు పడిందన్నదే తెలుసు. అందుకని చుక్కల మీద రంగుల జల్లెడ కప్పుతారు. నాలుగు చుక్కల్లో ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండు పచ్చ. మన కన్ను పచ్చ వైపు ఎక్కువ చురుకు కాబట్టి ఆ వాటా. దీన్ని కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టాడు, 1976లో పేటెంటు వచ్చింది. కొలనుపాక జైన మందిరంలో పచ్చరాతి మహావీరుణ్ని చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. ఫోటో సంగతంటారా, ఏ గుడిలోనైనా లోపల కెమెరా తీసే ముందు అడగడం మర్యాద.

చెరిపేసిన ఫోటో వెంటనే పోదు

డిలీట్ నొక్కితే కార్డు పట్టీలో పేరు కొట్టేస్తుందంతే. దాని మీద కొత్త ఫోటో పడేదాకా పాతది అడుగున ఉంటుంది. పొరపాటున చెరిపితే ఒక్క క్లిక్ కూడా కొట్టకుండా కార్డు బయటికి తీసి, తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ల దగ్గరికి పోండి. ఈ సంగతి తెలిసిన స్టూడియోవాళ్లు పెళ్లి కార్డును వెంటనే మళ్లీ వాడరు.

మీ పెళ్లి ఫోటో మీదే

కెమెరా కొని నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకునేవాళ్లకు: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవాడే దాని కర్త. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. వాళ్లనడగకుండా స్టూడియో గోడ మీద ఆ పెళ్లికూతురి బొమ్మ పెట్టకండి.

చివరికి మావాడు ఏం కొన్నాడంటే

కోఠిలో రెండు ఆదివారాలు తిరిగి, నికాన్ డీ3000 వరుసలో ఒక సెకండ్ హ్యాండ్ బాడీ, 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు తెచ్చాడు. షట్టర్ కౌంట్ పదకొండు వేలు. బిల్లు ఉంది. కిట్ లెన్సు వద్దన్నాడట, దుకాణదారు వింతగా చూశాడట.

సాయంత్రం అయిదింటికి మగ్గం గదిలో కిటికీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని తీశాడు. ఎఫ్ 1.8, సెకనులో నూటఅరవయ్యోవంతు, ఐఎస్‌ఓ 1600. గరుకుంది, అయినా నాడె పట్టిన వేళ్లు తేటగా వచ్చాయి. కెమెరాను అట్లాగే వాళ్ల నాయన చేతికిచ్చాడు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, తెర మీది బొమ్మను పెద్దది చేయించుకుని చాలాసేపు చూశాడు. మేమిద్దరం మెచ్చుకుంటాడేమోనని నిలబడ్డాం.

"ఆగు," అన్నాడు ఆయన, కెమెరా వాడికిచ్చేసి మగ్గం మీదికి వంగుతూ. "గిక్కడ పోగు తెగిందిరా."